టెంపో మూడు గీతలు: ఈఎస్ఆర్ యంత్రం మీద నమ్మదగ్గ వర్ణపటం తీయడం ఎలా?

“మూడు గీతలు రావాలి, ఒక్కటే వస్తోంది. యంత్రం పాడైందా?”

ఎలక్ట్రాన్ స్పిన్ అనునాదం, అంటే ఈఎస్ఆర్ మీద పని మొదలుపెట్టిన విద్యార్థులు నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. దాని వెనకే “నీటి ద్రావణం పెడితే ట్యూనింగే కావడం లేదు, ఎందుకు?” అని మరొకటి వస్తుంది (ట్యూనింగ్ అంటే లోపల ఉన్న శాంపిల్‌కు సరిపడేలా యంత్రాన్ని సర్దడం). మూడోది “గీతలు బాగానే వచ్చాయి, ఇప్పుడు ఏ అంకెలు రాయాలి?” ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒకేచోట రాస్తున్నాను.

తప్పు యంత్రంలో ఉండటం అరుదు. నేను చూసిన చెడ్డ వర్ణపటాలలో ఎక్కువ భాగం శాంపిల్ తయారుచేసే బల్ల దగ్గరే చెడిపోయాయి. అందుకే ఇందులో బల్ల పనికి ఎక్కువ చోటిచ్చాను.

నేర్చుకోవడానికి టెంపోను మించిన పదార్థం లేదు. పూర్తి పేరు 2,2,6,6-టెట్రామిథైల్‌పైపెరిడిన్-1-ఆక్సిల్. స్వేచ్ఛా ప్రాతిపదికలు, అంటే జతకాని ఎలక్ట్రాన్ ఉన్న అణువులు, పుట్టీ పుట్టగానే మాయమవుతాయని చదువుకుంటాం. 1900లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గోంబర్గ్ ట్రైఫినైల్‌మిథైల్‌ను గుర్తించిన నాటి నుంచి ఆ మాటకు మినహాయింపులు పెరుగుతూనే ఉన్నాయి. టెంపోలో నైట్రోజన్‌కు అటూ ఇటూ ఉన్న కార్బన్ల మీద నాలుగు మిథైల్ సమూహాలు ఒంటరి ఎలక్ట్రాన్‌కు కంచె కట్టినట్టు ఉంటాయి. అందుకే అది సీసాలో భద్రంగా నిలుస్తుంది.

సిద్ధాంతం ఈ పనికి నాలుగు వాక్యాలు చాలు. ఒంటరి ఎలక్ట్రాన్ ఒక చిన్న అయస్కాంతం. బయటి అయస్కాంత క్షేత్రంలో దానికి రెండు శక్తిస్థాయిలు ఏర్పడతాయి. ఆ తేడాకు సరిపడే సూక్ష్మతరంగాలను (మైక్రోవేవ్‌లను) అది పీల్చుకుంటుంది. టెంపోలో ఆ ఎలక్ట్రాన్ పక్కనే స్పిన్ 1 ఉన్న నైట్రోజన్-14 కేంద్రకం ఉంది కాబట్టి ఒక గీత మూడుగా చీలుతుంది. యంత్రం శోషణను కాక దాని మొదటి అవకలజాన్ని గీస్తుంది, అందుకే ప్రతి గీతా పైకి లేచి, సున్నాను దాటి, కిందికి దిగుతుంది.

కావలసినవి

ఎక్స్-బ్యాండ్ ఈఎస్ఆర్ యంత్రం, అంటే 9.5 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేది. 4 మిల్లీమీటర్ల బయటి వ్యాసం ఉన్న క్వార్ట్జ్ ట్యూబులు. మామూలు గాజు ట్యూబు వాడకండి. గాజులో ఉండే ఇనుము జీ విలువ (పౌనఃపున్యానికీ గీత వచ్చే క్షేత్రానికీ ఉన్న నిష్పత్తిని చెప్పే అంకె) 4.3 దగ్గర తన సంకేతాన్ని చూపిస్తుంది. నీటి ద్రావణాలకు ఫ్లాట్ సెల్ గానీ సన్నని కేపిలరీ గానీ కావాలి. రక్తపరీక్ష ల్యాబుల్లో వాడే హిమటోక్రిట్ కేపిలరీలు దీనికి చక్కగా సరిపోతాయి, చవక కూడా. అయితే హెపారిన్ పూయని సాదా రకమే అడిగి కొనండి.

టెంపో కొద్దిగా, శుద్ధమైన టోలుయీన్, నీటితో పనిచేసేవారికి టెంపోల్ (టెంపోకు నాలుగో స్థానంలో హైడ్రాక్సిల్ చేరిన రూపం). జీ విలువ సరిచూసుకోవడానికి చిటికెడు డీపీపీహెచ్ పొడి (టెంపోలాగే నిలకడగా ఉండే మరో ప్రాతిపదిక). ఆక్సిజన్ తొలగించడానికి నైట్రోజన్ లేదా ఆర్గాన్ సిలిండరు, పొడవైన సన్నని సూది.

టెంపో కొనే స్థితి లేకపోతే ఊరకే కూర్చోనవసరం లేదు. వంటింటి టీపొడి మంచి శాంపిల్. పొడిని నేరుగా ట్యూబులో వేసి చూస్తే ఆకులోని మాంగనీసు ఇచ్చే ఆరు గీతలు, వాటి మధ్యలో సేంద్రియ ప్రాతిపదిక ఇచ్చే సన్నని గీత ఒకటి కనిపిస్తాయి. కట్టెబొగ్గు పొడి చేస్తే జీ విలువ 2.003 దగ్గర ఒకే గీత వస్తుంది. ట్యూనింగ్ చేతికి అలవాటు కావడానికి ఇవి చాలు.

ఎలా చేయాలి

1. టెంపోను చల్లగా ఉంచండి, త్వరగా తూచండి.

టెంపో 36 నుంచి 38 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెలలో మన ఊళ్లలో గది ఉష్ణోగ్రతే దానికంటే ఎక్కువ. కరెంటు పోయిన మధ్యాహ్నం బల్ల మీద వదిలేసిన సీసాలో నారింజ-ఎరుపు స్ఫటికాలు కరిగి ముద్దవుతాయి. కరగకపోయినా అది ఉత్పతనం చెందుతుంది: పాత సీసా మూత తీసి వెలుతురులో లోపలివైపు చూడండి, సన్నని నారింజ రంగు సూదులు అతుక్కుని ఉంటాయి. తూకం పళ్లెంలో తెరిచి పెడితే మిల్లీగ్రాములు మీ కళ్లముందే గాలిలో కలిసిపోతాయి. ఫ్రిజ్‌లో దాచండి. తీసిన వెంటనే మూత తెరవకండి, గాలిలోని తేమ చల్లని స్ఫటికాల మీద పడుతుంది. గది వేడికి వచ్చాక తెరిచి, మూత ఉన్న చిన్న సీసాలో త్వరగా తూచండి.

2. ముందు గాఢ ద్రావణం, దాని నుంచి పలుచని ద్రావణం.

టెంపో అణుభారం 156.25. 15.6 మిల్లీగ్రాములు తూచి టోలుయీన్‌తో 10 మిల్లీలీటర్లకు నింపితే 10 మిల్లీమోలార్ ద్రావణం వస్తుంది. అందులో నుంచి 0.1 మిల్లీలీటరు తీసి మళ్లీ 10 మిల్లీలీటర్లకు పలుచన చేయండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది 0.1 మిల్లీమోలార్. కొలవాల్సింది దీన్నే.

“ఇంత పలుచగానా? సంకేతం వస్తుందా?” అనే అనుమానం అందరికీ వస్తుంది. లెక్క చూడండి: ఈ ద్రావణం 50 మైక్రోలీటర్లలో దాదాపు 3×10^15 స్పిన్లు ఉంటాయి. ఎక్స్-బ్యాండ్ యంత్రానికి అది పుష్కలం.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. గాఢత పెరిగేకొద్దీ టెంపో అణువులు ఒకదాన్నొకటి ఎక్కువగా ఢీకొంటాయి. ఢీకొన్నప్పుడల్లా ఎలక్ట్రాన్ స్పిన్లు మారకం జరుపుకుంటాయి. 1 మిల్లీమోలార్ దాటాక గీతలు లావెక్కడం స్పష్టంగా తెలుస్తుంది. ఇంకా పెంచుతూ పోతే మూడు గీతలూ ఒకదానిలోకి ఒకటి ఒరిగి చివరికి ఒకే వెడల్పాటి గీతగా కలిసిపోతాయి. చాలా ఏళ్ల క్రితం నేనే బాగా గాఢమైన ద్రావణం పెట్టి, వచ్చిన ఒక్క గీతను చూసి కొత్త ప్రాతిపదిక ఏదో పుట్టిందని రెండు వారాలు వెతికాను. పది రెట్లు పలుచన చేసిన రోజున మూడు గీతలూ తిరిగి నిలబడ్డాయి. మీరు ఆ రెండు వారాలు పోగొట్టుకోకూడదు. గీతల సంఖ్య మీద అనుమానం వస్తే వేరే ఏదీ ముట్టుకోకుండా ముందు పదింతలు పలుచన చేసి మళ్లీ తీయండి.

3. ద్రావణిని బట్టి ట్యూబు ఎంచుకోండి.

టోలుయీన్, బెంజీన్, హెక్సేన్ వంటి ధ్రువత తక్కువ ద్రావణులు సూక్ష్మతరంగాలను పెద్దగా మింగవు. వీటిని 4 మిల్లీమీటర్ల ట్యూబులో నేరుగా పోయవచ్చు. 4 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా, అంటే సుమారు 0.3 మిల్లీలీటరు పోస్తే చాలు.

నీరు అలా కాదు. మీ ఇంట్లో మైక్రోవేవ్ పొయ్యి నీళ్లను ఎందుకు మరిగిస్తుందో, 4 మిల్లీమీటర్ల ట్యూబులో పోసిన నీరు కావిటీని (శాంపిల్ కూర్చునే, సూక్ష్మతరంగాలు నిలిచే లోహపు పెట్టెను) ఎందుకు చంపేస్తుందో, కారణం ఒకటే. మిథనాల్, అసిటోనైట్రైల్ కూడా ఇదే దారిలోవి. ఇలాంటి ద్రావణులకు ఫ్లాట్ సెల్ లేదా కేపిలరీ తప్పదు. కేపిలరీని ద్రావణంలో ముంచండి, అది తానే లాక్కుంటుంది. కింది కొసను సీలింగ్ మట్టితో మూసి, దాన్ని క్వార్ట్జ్ ట్యూబులోకి జారవిడవండి. ఆ మట్టి కావిటీ మధ్యభాగంలోకి రాకూడదు, మట్టికి దాని సొంత సంకేతాలుంటాయి. కొస కిందికి దిగి, ద్రావణం ఉన్న భాగం మధ్యకు వచ్చేలా ఎత్తు సర్దండి.

ఫ్లాట్ సెల్ వాడితే దాని పలక ఏ దిక్కుకు తిరిగి ఉందన్నది ముఖ్యం. సెల్‌ను వేలితో కొద్దికొద్దిగా తిప్పుతూ తెర మీద ట్యూనింగ్ గుంట అన్నిటికంటే లోతుగా, సన్నగా ఉన్నచోట ఆపండి.

4. ఆక్సిజన్‌ను తరిమేయండి.

గాలిలోని ఆక్సిజన్ అణువులో కూడా జతకాని ఎలక్ట్రాన్లు రెండు ఉన్నాయి. ద్రావణంలో కరిగిన ఆక్సిజన్ టెంపోను ఢీకొని గీతను లావెక్కిస్తుంది. టోలుయీన్ వంటి సేంద్రియ ద్రావణుల్లో ఆక్సిజన్ నీటిలో కంటే ఎక్కువగా కరుగుతుంది కాబట్టి అక్కడ ఈ బెడద ఎక్కువ.

సులువైన పద్ధతి: సూదితో ఆర్గాన్ లేదా నైట్రోజన్ బుడగలు పది పదిహేను నిమిషాలు మెల్లగా పంపండి. వేగంగా పంపితే టోలుయీన్ ఆవిరై గాఢత పెరుగుతుంది. వాయువును ముందు శుద్ధ టోలుయీన్ ఉన్న సీసాగుండా పంపి ఆ తర్వాత మీ ద్రావణంలోకి పంపితే ఈ తిప్పలుండవు.

శ్రేష్ఠమైన పద్ధతి: గడ్డకట్టించి, శూన్యం చేసి, కరిగించడం. ట్యూబును ద్రవ నైట్రోజన్‌లో ముంచి గడ్డకట్టించండి, వాక్యూమ్ పంపుతో గాలి లాగండి, కవాటం మూసి కరిగించండి. బుడగలు పైకి వస్తాయి. ఇలా మూడు నాలుగు సార్లు, బుడగలు రావడం ఆగేదాకా చేయండి.

ఇక్కడ హెచ్చరిక. ట్యూబు ద్రవ నైట్రోజన్‌లో ఉండగా దాని నోరు గాలికి తెరిచి ఉంచకండి. గాలిలోని ఆక్సిజన్ లోపల ద్రవమై చేరుతుంది. లేత నీలి రంగు ద్రవం కనిపిస్తే అది ద్రవ ఆక్సిజన్, సేంద్రియ ద్రావణితో కలిస్తే పేలుతుంది. ఆర్గాన్‌తో నింపిన ట్యూబును కూడా మూసేసి ద్రవ నైట్రోజన్‌లో ముంచకండి, ఆర్గాన్ లోపల గడ్డకట్టి బయటికి తీశాక ఒత్తిడికి ట్యూబు పగిలిపోతుంది. ముఖానికి షీల్డు లేకుండా ఈ పని చేయవద్దు.

ఆక్సిజన్ తీసే సదుపాయం లేకపోతే? తీయకుండానే కొలవండి, కానీ అన్ని శాంపిళ్లనూ అలాగే కొలవండి. సగం గాలితో, సగం గాలి లేకుండా తీసి వాటి ఎత్తులను పోల్చడం పెద్ద తప్పు. స్పిన్ల సంఖ్య మారకపోయినా గాలి తీసిన శాంపిల్ గీత సన్నబడి పొడవవుతుంది.

5. ట్యూబును తుడిచి, ఒకే ఎత్తులో పెట్టండి.

ట్యూబు బయటి భాగాన్ని అసిటోన్ తడిపిన టిష్యూతో తుడవండి. వేలి మరకలు, ధూళి, చల్లని ట్యూబు మీద పట్టిన తేమ, ఇవన్నీ కావిటీలోకి వెళతాయి. ఒకసారి లోపల మురికి చేరితే అది మీ తర్వాత వచ్చే ప్రతి ఒక్కరి వర్ణపటంలోనూ కనిపిస్తుంది. ట్యూబు ఎంత లోతుకు దిగాలో ఒకసారి చూసుకుని, పైన చిన్న టేపు ముక్క అంటించండి. మొత్తం పనికి ఒకే ట్యూబు వాడితే మరీ మంచిది.

6. ట్యూనింగ్.

ముందు శీతలీకరణ నీరు, తర్వాత అయస్కాంతం. ఈ వరస తప్పకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు గదిలోకి రాకూడదు. గడియారం, బ్యాంకు కార్డు, ఇనుప స్క్రూడ్రైవరు దూరంగా పెట్టండి.

ట్యూన్ స్థితిలో తెర మీద కొండలాంటి వంపు, దాని మధ్యలో గుంట కనిపిస్తాయి. పౌనఃపున్యం సర్ది ఆ గుంటను సరిగ్గా మధ్యకు తెండి. తర్వాత ఆపరేట్ స్థితికి మారి ఐరిస్ స్క్రూను (కావిటీలోకి సూక్ష్మతరంగాలు వెళ్లే దారిని సర్దేది) తిప్పండి. సూక్ష్మతరంగ శక్తిని తక్కువ నుంచి ఎక్కువకు మార్చినా డయోడ్ కరెంటు కదలకూడదు. బ్రూకర్ యంత్రాలలో అది 200 మైక్రోఆంపియర్ల దగ్గర నిలబడాలి. శక్తి మార్చినప్పుడల్లా కరెంటు కొట్టుకుపోతుంటే ఐరిస్ ఇంకా కుదరలేదని అర్థం. కొత్తవారు ఈ చోట తొందరపడి ముందుకు వెళ్లిపోతారు, తర్వాత బేస్‌లైన్ వంకర పోయిందని బాధపడతారు.

గుంట అసలు కనిపించకపోయినా, వెడల్పుగా చదునుగా ఉన్నా, ట్యూబు తీసేసి ఖాళీ కావిటీతో చూడండి. ఖాళీగా బాగుంటే తప్పు మీ ద్రావణిది. మూడో అడుగుకు తిరిగి వెళ్లండి.

7. మొదటి సెట్టింగులు.

యంత్రం చూపించే పౌనఃపున్యం 9.45 గిగాహెర్ట్జ్ అనుకుందాం. టెంపో మధ్య గీత 3366 గాస్ దగ్గర వస్తుంది. దాన్ని కేంద్రంగా పెట్టి స్వీపు (క్షేత్రాన్ని ఒక చివరి నుంచి మరో చివరికి నడపడం) వెడల్పు 100 గాస్ ఇవ్వండి. శక్తి 2 మిల్లీవాట్లు. మాడ్యులేషన్ (క్షేత్రాన్ని కొద్దిగా అటూ ఇటూ ఊపడం) పౌనఃపున్యం 100 కిలోహెర్ట్జ్, పరిమాణం 0.5 గాస్. ఇవి ఆరంభానికి మాత్రమే. చివరి సెట్టింగులను మీ శాంపిలే చెప్పాలి, తర్వాతి రెండు అడుగులు అందుకే.

గీతలు దొరికాక రూపం చక్కగా చూడాలంటే స్వీపు వెడల్పును 60 గాస్‌కు తగ్గించండి. 60 గాస్‌ను 60 సెకన్లలో చుట్టబెడితే సెకనుకు ఒక గాస్. గీత వెడల్పు 1.5 గాస్ అయితే దాన్ని దాటడానికి సెకనున్నర పడుతుంది. టైమ్ కాన్‌స్టెంట్ (రొద తగ్గించడానికి యంత్రం సంకేతాన్ని సగటు చేసే వ్యవధి) అందులో పదో వంతు, అంటే 0.15 సెకను మించకూడదు. మించితే గీత స్వీపు వెళ్లే వైపుకు ఈడ్చుకుపోయి పొట్టిబడుతుంది. సందేహం ఉంటే అదే స్వీపును వెనక్కి తీయండి. రెండింటిలో గీత స్థానం తేడాగా ఉంటే టైమ్ కాన్‌స్టెంట్ తగ్గించాలి.

8. మాడ్యులేషన్ పరీక్ష.

మాడ్యులేషన్ పెంచితే సంకేతం పెద్దదవుతుంది. ఈ ఆశే చాలామందిని ముంచుతుంది. గీత వెడల్పును దాటి పెంచితే మీరు కొలిచేది టెంపో వెడల్పు కాదు, మీరు పెట్టిన మాడ్యులేషన్ వెడల్పు. శిఖరం నుంచి లోయ వరకు ఉన్న వెడల్పులో అయిదో వంతు పెట్టడం క్షేమం, మూడో వంతు దాటవద్దు.

పరీక్ష ఇలా: మాడ్యులేషన్‌ను సగం చేసి మళ్లీ తీయండి. ఎత్తు సగమై వెడల్పు అలాగే ఉంటే మీ పాత సెట్టింగు సరైనదే. వెడల్పు తగ్గిందంటే అంతకుముందు ఎక్కువ పెట్టారన్నమాట. అలా సగం చేస్తూ పోండి, వెడల్పు కదలడం ఆగేదాకా.

9. శక్తి పరీక్ష.

సూక్ష్మతరంగ శక్తిని నాలుగు రెట్లు చేస్తే సంకేతం ఎత్తు రెండు రెట్లు కావాలి, ఎందుకంటే ఎత్తు శక్తి వర్గమూలానికి అనులోమంగా పెరుగుతుంది. 0.5, 1, 2, 4, 8, 16 మిల్లీవాట్లలో ఒక్కొక్క స్వీపు తీసి ఎత్తును శక్తి వర్గమూలంతో గ్రాఫు గీయండి. సరళరేఖ ఎక్కడ వంగడం మొదలవుతుందో అక్కడి నుంచి సంతృప్తత, అంటే శక్తి పెంచినా సంకేతం అదే లెక్కన పెరగని స్థితి. దానికి బాగా కిందనే పనిచేయండి. ఆక్సిజన్ తీసిన శాంపిల్ తక్కువ శక్తికే సంతృప్తమవుతుంది కాబట్టి గాలి ఉన్న శాంపిల్ మీద చేసిన పరీక్ష దానికి పనికిరాదు. ఈ గ్రాఫుకు అరగంట పడుతుంది. ఆ అరగంట దాటవేసిన గాఢత లెక్కలను నేను నమ్మను.

10. అసలు స్వీపు, ఖాళీ స్వీపు, ప్రమాణం స్వీపు.

ఇప్పుడు మీ శాంపిల్ తీయండి. వెంటనే అదే ట్యూబులో శుద్ధ ద్రావణి మాత్రమే పోసి, అవే సెట్టింగులతో తీయండి. ఆ తర్వాత డీపీపీహెచ్ పొడి రెండు రేణువులు కేపిలరీలో వేసి తీయండి. మూడింటికీ పౌనఃపున్యం విడివిడిగా రాసుకోవాలి, ట్యూబు మారినప్పుడల్లా అది కొద్దిగా మారుతుంది.

డీపీపీహెచ్‌ను టెంపోతో పాటే కావిటీలో పెట్టవచ్చా అని అడుగుతారు. జీ విలువ కోసమైతే పెట్టవచ్చు, కానీ దాని గీత టెంపో మధ్య గీతకు 4 గాస్‌ల దూరంలోనే పడుతుంది. వైశాల్యం లెక్క చెడిపోతుంది. విడిగా తీయడమే నయం.

అంకెలు తీయడం

జీ విలువకు సూత్రం ఒకటే: 714.4775ను గిగాహెర్ట్జ్‌లలో ఉన్న పౌనఃపున్యంతో గుణించి, గాస్‌లలో ఉన్న క్షేత్రంతో భాగించండి. 9.45 గిగాహెర్ట్జ్ దగ్గర మధ్య గీత సున్నాను దాటే చోటు 3365.6 గాస్ అయితే జీ విలువ 2.0061. ఇదే సూత్రంతో డీపీపీహెచ్ లెక్క వేస్తే 2.0036 రావాలి. రాకపోతే మీ యంత్రం క్షేత్రం చూపించడంలో కొంత తేడా ఉంది. ఆ తేడా ఎన్ని గాస్‌లో చూసి టెంపో క్షేత్రాన్ని సరిచేయండి.

నైట్రోజన్ విభజనకు, అంటే నైట్రోజన్ వల్ల చీలిన పక్కపక్క గీతల మధ్య దూరానికి, మొదటి గీత నుంచి మూడో గీతకు దూరం కొలిచి రెండుతో భాగించండి. పక్కపక్క గీతల మధ్య కొలవడం కంటే ఇది మేలు, చదవడంలో వచ్చే పొరపాటు సగమవుతుంది. టోలుయీన్‌లో టెంపోకు సుమారు 15.5 గాస్‌లు, నీటిలో సుమారు 17 గాస్‌లు రావాలి. ధ్రువత పెరిగేకొద్దీ ఒంటరి ఎలక్ట్రాన్ ఆక్సిజన్ నుంచి నైట్రోజన్ వైపు కొంత జరుగుతుంది, విభజన పెరుగుతుంది. అణువు నూనెలో ఉందా నీటిలో ఉందా అని ఈ ఒక్క అంకెతోనే చెప్పగలం. ఈ పరికరం మీద నాకున్న ప్రేమకు సగం కారణం ఇదే.

స్పిన్ల సంఖ్య కావాలంటే రెండుసార్లు సమాకలనం చేయాలి. మొదటి సమాకలనం శోషణ గీతను ఇస్తుంది, రెండోది దాని వైశాల్యాన్ని. మొదటి సమాకలనం కుడి చివర సున్నాకు తిరిగి రావాలి. రాకుండా పైకో కిందికో కొట్టుకుపోతుంటే బేస్‌లైన్ సరిచేసి మళ్లీ చేయండి. దీనికి 60 గాస్ వెడల్పు స్వీపు వాడకండి, 100 గాస్‌ది వాడండి. గీతల తోకలు చాలా దూరం సాగుతాయి, కత్తిరిస్తే వైశాల్యం తగ్గిపోతుంది. తర్వాత 0.02, 0.05, 0.1, 0.2 మిల్లీమోలార్ ద్రావణాలు తీసి వైశాల్యానికి గ్రాఫు గీయండి. సరళరేఖ రావాలి.

ఫలితం సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

టోలుయీన్‌లో గది ఉష్ణోగ్రత వద్ద మూడు గీతలూ దాదాపు సమాన ఎత్తులో, సమాన దూరంలో ఉండాలి. కుడివైపు, అంటే ఎక్కువ క్షేత్రం వైపు గీత పొట్టిగా, లావుగా ఉంటే భయపడకండి. అణువు తిరగడం మందగించిందని అర్థం. గ్లిసరాల్ వంటి చిక్కని ద్రావణిలో, చల్లబరిచిన శాంపిల్‌లో అది సహజం, దాని నుంచే అణువు తిరిగే కాలాన్ని లెక్క కడతారు. పలుచని టోలుయీన్‌లో కనిపిస్తే మాత్రం ద్రావణి నిజంగా టోలుయీనేనా, ఉష్ణోగ్రత నియంత్రకం ఎంత చూపిస్తోంది అని చూడండి.

ఆక్సిజన్ బాగా తొలగిందనడానికి మంచి గుర్తు ఉంది. ప్రతి పెద్ద గీతకు రెండు పక్కలా చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి. అవి మలినాలు కావు, సహజంగా నూటికి ఒకటి చొప్పున ఉండే కార్బన్-13 ఇచ్చే ఉపగీతలు. మొదటిసారి చూసినవారు వాటిని మలినమనుకుని శాంపిల్ పారబోయడం నాకు తెలుసు.

ఖాళీ స్వీపులో ఏదైనా గీత కనిపిస్తే అది మీ టెంపోది కాదు. ఆరు గీతలు సమాన దూరంలో వస్తే మాంగనీసు. మట్టి, సున్నపు ధూళి ట్యూబుకు అంటి ఉండవచ్చు. బాగా తక్కువ క్షేత్రంలో, జీ విలువ 4.3 దగ్గర వస్తే ఇనుము. ఎవరో క్వార్ట్జ్ బదులు గాజు పెట్టారు.

ట్యూబు తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ ట్యూన్ చేసి మూడుసార్లు కొలవండి. ఆ మూడు వైశాల్యాల మధ్య వచ్చే తేడాయే మీ నిజమైన పొరపాటు పరిమితి. ట్యూబును కదల్చకుండా ముప్పై స్వీపులు కలిపి తీసిన సగటు ఆ సంగతి చెప్పదు.

సంకేతం నిమిష నిమిషానికి తగ్గిపోతోందా? ద్రావణంలో క్షయకరణం చేసేది ఏదో ఉంది. టెంపోల్ నీటి ద్రావణానికి విటమిన్ సి కలిపి చూడండి, గీతలు కళ్లముందే కుంగిపోతాయి. ప్రాతిపదిక హైడ్రాక్సిలమీన్‌గా మారిపోతుంది, దానికి ఈఎస్ఆర్ సంకేతం లేదు. మీ బఫర్‌లో, జీవ నమూనాలో ఇలాంటిది ఏదైనా ఉందేమో వెతకండి. బలమైన ఆమ్లాలు కూడా టెంపోను చెడగొడతాయి.

డీపీపీహెచ్‌తో పనిచేసేవారికి

ఆకులు, పండ్ల సారాల మీద యాంటీఆక్సిడెంట్ పరీక్షలు చేసే విద్యార్థులు మన విశ్వవిద్యాలయాల్లో చాలామంది ఉన్నారు. వారంతా డీపీపీహెచ్ ఊదా రంగు తగ్గడాన్ని 517 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. బీట్‌రూట్ వంటి ఎర్రని సారం తీసుకుంటే దాని సొంత రంగే అక్కడ అడ్డుపడుతుంది. ఈఎస్ఆర్‌కు రంగుతో పనిలేదు, మిగిలిన స్పిన్లనే లెక్కపెడుతుంది. పైన చెప్పిన అడుగులే పాటించండి. తేడా ఏమిటంటే పలుచని ద్రావణంలో డీపీపీహెచ్ మూడు కాక అయిదు గీతలు ఇస్తుంది, ఎత్తులు సుమారుగా 1:2:3:2:1. రెండు నైట్రోజన్లు దాదాపు సమానంగా పాల్గొనడమే కారణం. పొడిగా ఉన్నప్పుడు, గాఢంగా ఉన్నప్పుడు ఒకే గీత. మిథనాల్‌లో చేస్తున్నారు కాబట్టి కేపిలరీ మరచిపోవద్దు. సారం కలిపిన క్షణం నుంచి స్వీపు మొదలైన క్షణం వరకు ప్రతి శాంపిల్‌కూ ఒకే వ్యవధి ఉండాలి. ట్యూనింగ్‌కు ఒకదానికి రెండు నిమిషాలు, ఇంకోదానికి పది నిమిషాలు పడితే ఆ రెండు అంకెలనూ పోల్చలేరు.

మీ దగ్గర యంత్రం లేకపోతే

ఐఐటీ బొంబాయి, ఐఐటీ మద్రాసులలోని సైఫ్ (ఖరీదైన విశ్లేషణ పరికరాలను అందరికీ అందుబాటులో ఉంచే) కేంద్రాలు బయటి విద్యార్థుల శాంపిళ్లు తీసుకుని రుసుము మీద కొలిచి ఇస్తాయి. పంపేముందు అక్కడి సాంకేతిక అధికారికి మీ ద్రావణి ఏమిటో చెప్పండి, నీరు అయితే ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పండి. ద్రావణం చేసి పోస్టులో పంపకండి. ఘనపదార్థాన్ని బిగుతు మూత సీసాలో పంపి అక్కడే కరిగించమనండి, వీలైతే మీరే వెళ్లండి.

శాంపిల్‌తో పాటు ఒక చీటీ పెట్టండి. పదార్థం పేరు, అణుభారం, ద్రావణి, కావలసిన గాఢత, ఆక్సిజన్ తీయాలా వద్దా, ఏ ఉష్ణోగ్రత, ఎన్ని గాస్‌ల వెడల్పు, ఖాళీ ద్రావణి స్వీపు కావాలని, డీపీపీహెచ్ స్వీపు కావాలని అందులో రాయండి. ఫలితం చిత్రంగా మాత్రమే ఇస్తే తీసుకోకండి, అంకెల ఫైలు అడగండి. చిత్రం మీద సమాకలనం చేయలేరు. ఆ ఫైలులో పౌనఃపున్యం, శక్తి, మాడ్యులేషన్, టైమ్ కాన్‌స్టెంట్, స్వీపుల సంఖ్య, ఉష్ణోగ్రత ఉన్నాయో లేదో అక్కడే సరిచూసుకోండి. పౌనఃపున్యం లేకపోతే జీ విలువ లెక్క కట్టలేరు, శాంపిల్ మళ్లీ పంపాల్సిందే.